మేక ఏ కట్టలో ఉంది?

మా దుకాణానికి కంప్యూటర్ వచ్చింది బిల్లుల కోసమే. అందులో పప్పులు, నూనెలు, సబ్బుల లెక్క తప్ప ఇంకోటి నడుస్తుందని బాపు కలలో కూడా అనుకోలేదు. కానీ దాని ముందు కూర్చునేది నేను. ఒక పక్క చింతపండు బస్తాల బిల్లు, ఇంకో పక్క నవలల మీద తగువు, రెండూ ఒకే తెర మీద నడిచేవి. గిరాకి రాగానే తగువును కిందికి దించి బిల్లును పైకి తెచ్చేదాన్ని. బాపుకు తెలియదనే అనుకునేదాన్ని, ఆయన ఒకరోజు మెల్లగా, "గా కంప్యూటర్‌ల ఉన్నోళ్లు ఒక్కలన్న మన దగ్గర కిలో శక్కరి కొంటరా?" అని అడిగిందాకా.

జనగామ స్టేషన్ రోడ్డులో కూర్చొని ఆన్‌లైన్‌లో పుస్తకాల గుంపు నడపడం అప్పట్లో పిచ్చిపని కిందే లెక్క. రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న కాలం. ధర్నాలు, బందులు, రోడ్ల మీద వంటావార్పులు. నెట్‌లోనూ అదే వేడి. ఒక పెద్ద గ్రూపులో ఎవరో ఒక కథ గురించి రాస్తే దాని కింద మేం నలుగురం పోట్లాడుకున్నాం. కథలో మన మాట మాట్లాడేవాడు ఎప్పుడూ పనివాడో రౌడీయో ఎందుకు అవుతాడని నేను మొదలుపెట్టాను. మిగతావాళ్లకు విసుగొచ్చి మమ్మల్ని బయటికి పొమ్మన్నారు. సరేనని బయటికొచ్చి మా గుంపు మేమే పెట్టుకున్నాం.

నలుగురిలో ఒకాయన డోర్నకల్ జంక్షన్‌లో రైల్వే ఉద్యోగి. అందరికంటే పెద్ద, అందరికీ అన్న. రెండో ఆయన భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుల దవాఖానలో కాంపౌండర్. ఆయన్ను సార్ అనేవాళ్లం. మందు పొట్లం కట్టినట్టు పొందికగా రాసేవాడు. మూడో మనిషి మానుకోటలో డిగ్రీ చదివే అమ్మాయి, దంతాలపల్లి దారిలో ఉన్న ఒక తండా ఆమెది. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉన్నా అక్కడివాళ్లకు అది మానుకోటే. ఆమె అందరికంటే చిన్నది, అందరికంటే తక్కువ రాసేది. నాలుగోదాన్ని నేను. నోరు పెద్దది, ఓపిక చిన్నది. ఒకరి ముఖం ఒకరం చూసింది లేదు. ఫోన్లలో తెలుగు అక్షరాలు పెట్టెలు పెట్టెలుగా కనబడేవి కాబట్టి తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టుకుంటూ మాట్లాడుకునేవాళ్లం.

మా అసలు కష్టం పుస్తకాలు దొరకడం. జనగామలో గైడ్లు, పంచాంగాలు దొరికేవి. నవల కావాలంటే హనుమకొండ పోవాలి, లేకపోతే హైదరాబాద్. పాత నవల అయితే ఒక్క ప్రతి దొరకడమే గొప్ప. అది ఒకరి తర్వాత ఒకరం చదివితే, నాలుగో మనిషికి చేరేసరికి మొదటి మనిషి కథే మరిచిపోయేవాడు. అందుకని ఒకరోజు పుస్తకం పట్టుకొని, మా వీధిలో దుకాణాల ఖాతా పుస్తకాలు కుట్టే బైండరు దగ్గరికి పోయి, దీన్ని నాలుగు కట్టలుగా విడదీయమన్నాను. ఆయన పుస్తకాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. కుట్టుమని వస్తరు గని ఇప్పుమని ఇప్పటిదాక ఎవ్వలు రాలేదమ్మా, అన్నాడు. అయినా విప్పాడు.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. దారం విప్పి నాలుగు కట్టలు చేసి, ఒక్కోదానికి పాత క్యాలెండర్ కాగితం తొడిగేవాడు. ఒక కట్ట చదివినవాళ్లు దాన్ని పక్కవాళ్లకు పంపి తర్వాతి కట్ట అందుకోవాలి. జనగామ, మానుకోట, డోర్నకల్ మూడూ రైలు దారిలోనే ఉన్నాయి, అన్నకు తెలియని గార్డు లేడు. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి బస్సు డ్రైవర్ల చేతికిచ్చేవాళ్లం. మా పుస్తకాలు మాకంటే ఎక్కువ ప్రయాణం చేశాయి.

చివరి కట్టకు మాత్రం వేరే రూలు. మొదట్లో ఒకసారి అన్న అలవాటు కొద్దీ చివరి పేజీ ముందే చదివి, మేమింకా రెండో కట్టలో ఉండగానే హీరో చచ్చిపోతాడని గుంపులో రాసిపడేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన వంతు ఒకసారి రద్దు చేసి, కొత్త రూలు పెట్టాను. చివరి కట్టకు దారం కట్టి, తర్వాతి పుస్తకం ఎంచుకునే వంతు ఎవరిదో వాళ్లకు నేరుగా పంపాలి. మిగతావాళ్లంతా మూడు కట్టలూ ముగించాకే వాళ్లు దారం విప్పాలి. ముగింపు ముందే చెప్పినా, రూలు తప్పినా వంతు పోతుంది. అన్న రెండు రోజులు అలిగి ఒప్పుకున్నాడు.

ఈ సంగతి జరిగిన నాడు మేం చదువుతున్నది సార్ ఎంచుకున్న నవల. పేరు రాయను, రాస్తే మీరు వెతికి చదివి నాతో తగువుకు వస్తారు. ఎక్కడో కోస్తాలో కాలువ తవ్వే పని. మన వైపు నుంచి కూలికి పోయినవాళ్లలో ఒక తండా మనిషి ఉంటుంది. మేస్త్రీకి ఎదురు చెబుతుంది, ఎవరికీ తలవంచదు. చదువుకున్న గుమాస్తా ఒకడు ఆమెను చూసి లోలోపల కరిగిపోతుంటాడు. గుమాస్తా సంగతి నాకు పట్టలేదు. ఆమె కనబడిన పేజీల్లో మాత్రం బిల్లులు తప్పుకొట్టేదాన్ని.

తర్వాతి వంతు తండా అమ్మాయిది. గుంపులో చేరాక మొదటిసారి ఆమెకు వంతు వచ్చింది. ఏ పుస్తకం చెబుతావంటే వెతుకుతున్నానని మాత్రమే అనేది. ఒకరోజు నాకు విడిగా రాసింది. చివరి పేజీ దాకా తండా మనిషి బతికుండే పుస్తకం కావాలట. కాలేజీ లైబ్రరీలో దొరికినవన్నీ తిరగేసింది. తండావాళ్లు ఉన్న పుస్తకాలే తక్కువ. ఉన్నవాటిలో ఒకదాంట్లో ఆడి పాడి పోతారు, ఒకదాంట్లో దొంగలవుతారు, మిగిలినవాటిలో చచ్చిపోతారు. "గీ కాలువకాడి ఆమె బతికేటట్టే ఉన్నదక్కా. గిది మంచిగ ముగిస్తే నా వంతుకు గిదే మల్ల సదువుదమని చెప్త" అని రాసింది. ఆ వంతు వాయిదా పడటానికి కూడా వీల్లేదు. ఆమె గుంపులో రాసేది ఇంట్లో తన సొంత అన్న ఫోన్ నుంచి. అతను దీపావళి దాటగానే హైదరాబాద్‌లో బిల్డింగు పనికి పోతున్నాడు, అతనితో ఫోన్ కూడా పోతుంది.

చివరి కట్ట దారం కట్టుకొని ఆమెకు చేరింది. సరిగ్గా అప్పుడే సమ్మె మొదలైంది.

మామూలు సమ్మె కాదది. బస్సులు డిపోల్లో ఆగాయి. బడులు మూతపడ్డాయి. బొగ్గుబావుల్లోకి ఎవరూ దిగలేదు. పట్టాల మీద జనం కూర్చుంటే రైళ్లు ఎక్కడివక్కడ నిలిచాయి. కాలేజీ మూసేస్తే ఆ అమ్మాయి తండాలోనే ఉండిపోయింది. అప్పటికి మేమంతా మూడు కట్టలూ చదివేశాం. కానీ మొదటి కట్ట డోర్నకల్‌లో, రెండోది భూపాలపల్లిలో, మూడోది నా దగ్గర, చివరిది తండాలో ఇరుక్కుపోయాయి. నేను కాలుగాలిన పిల్లిలా దుకాణంలో తిరిగాను. సగం షట్టరు దించిన దుకాణంలో గిరాకి లేదు, చదవడానికి పేజీ లేదు. ఊరేగింపు పోతే అందులో కలిసి నాలుగు నినాదాలిచ్చి వచ్చి, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చొని కాళ్లు ఊపేదాన్ని. రాష్ట్రం ఎప్పుడొస్తుందో తెలియదు, ఆ నవలలో ఆమె ఏమవుతుందో తెలియదు. రెండింటికీ నాకు ఓపిక లేదు.

అన్న నాకంటే అధ్వానం. రైళ్లు రాని జంక్షన్‌లో డ్యూటీ చేస్తూ రోజంతా గుంపులోనే ఉండేవాడు. స్కూటరేసుకొని తండాకే పోయి కట్ట తెచ్చుకుంటానన్నాడు. ఆ అమ్మాయి వద్దంది, ఇంకా యాడికి చదివి వినిపించలేదట. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. మొదటి కట్ట నుంచి రోజూ కొంత తెలుగులో చదివి లంబాడీలో తల్లికి చెబుతోందని మాకు అప్పుడే తెలిసింది. అయితే ముగింపు నువ్వే గుంపులో రాయి, అందరం ఆగమైపోతున్నం అన్నాడు అన్న. రూలు పెట్టిన నేనే ముందుగా సరేనన్నాను. సార్ కూడా ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం రెండు రోజులు ఏమీ అనలేదు.

మూడో రోజు నుంచి రాయడం మొదలుపెట్టింది. తండా పక్కనున్న బోడు గుట్ట మీదికి ఎక్కితే సిగ్నల్ దొరికేదట. దొరికినంతసేపు కొట్టి పంపేది, మధ్యలో తెగిపోయేది. మేం నోరు తెరుచుకొని మర్నాటి దాకా కూర్చునేవాళ్లం. ముగింపు ఇట్లా ఉంది. కాలువ పని ఇంకా మిగిలి ఉండగానే ఆమె ఒక పొద్దున గడ్డపార పక్కన పెట్టి, తన మేకను తోలుకొని స్టేషన్‌కు నడుస్తుంది. గుమాస్తా శాలువా పట్టుకొని వెనకాలే పరుగెత్తుతాడు. మనసులో మాట చెప్పబోతాడు. ఆమె మేక తాడు అతని చేతికిచ్చి, నీళ్లు తాగొస్తానని నల్లా దగ్గరికి పోతుంది. మేక అతని శాలువా నములుతుంది. బండి వస్తుంది. ఆమె వచ్చి తాడు తీసుకొని, మేకతో సహా బండెక్కి ఇంటికి పోతుంది. అతను మేక వాసన కొట్టే చేతులతో అక్కడే నిలబడతాడు.

ఎంత నవ్వానో. బాపు గల్లా దగ్గర్నుంచి తొంగి చూశాడు. గుంపులో పండుగే అయింది. ఆమె వెనక్కి తిరిగి ఎందుకు చూడలేదని అన్న, చూస్తే బండి తప్పిపోతుందని నేను. సార్ అయితే రచయిత శిల్పం గురించి చాంతాడంత రాశాడు. ఇన్ని పేజీల బరువును ఆఖరుకు ఒక మేక తాడుతో విప్పడం మహా రచయితలకే చెల్లుతుందన్నాడు.

ఒక్క సంగతి నన్ను కుదురుగా కూర్చోనియ్యలేదు. ఈ మేక ఎక్కడి నుంచి వచ్చింది? నా దగ్గరున్న మూడో కట్ట మొదటి నుంచి చివరిదాకా చూశాను, మేక లేదు. గుంపులో అడిగాను. అన్న తన దగ్గరి మొదటి కట్ట తిరగేసి, ఇందులో లేదు, రెండో దాంట్లో ఉండె, నాకు యాదికున్నది అన్నాడు. సార్ రెండో కట్ట చూసి, ఇందులో లేదు, మూడో కట్ట మొదట్లో సంతలో కొంటుంది కదా అన్నాడు. మూడో కట్ట నా చేతిలోనే ఉంది. సంత ఉంది, మేక లేదు. అయినా అంత నమ్మకంగా ఇద్దరు చెబుతుంటే, నేనే పేజీ దాటేశానేమో అనిపించి నోరు మూసుకున్నాను. చదివింది గుర్తులేదని ఒప్పుకోవడానికి ముగ్గురిలో ఎవరికీ మనసొప్పలేదు. అట్లా ఆ మేక మా ముగ్గురి మధ్య కట్ట నుంచి కట్టకు తిరిగింది.

సమ్మె ఆగింది. రైళ్లు కదిలాయి. చివరి కట్ట ఆ అమ్మాయి స్వయంగా మానుకోట స్టేషన్‌లో ఇచ్చి పంపితే, గార్డు చేతి మీదుగా నాకు చేరింది. మేక నమిలిన శాలువాను అసలు మాటల్లో చదువుకుందామని దుకాణంలోనే దారం తెంపాను.

మేక లేదు. శాలువా లేదు. స్టేషనే లేదు. ఆమెకు కాలువ గట్టు మీద జ్వరం వస్తుంది. గుమాస్తా ఆమె తలను ఒళ్లో పెట్టుకుంటాడు. ఆమె చచ్చిపోతుంది. ఆమె చావడంతో అతనికి జీవితమంటే ఏమిటో తెలుస్తుంది. చివరి వాక్యంలో సూర్యుడు ఉదయిస్తాడు. ముందు ఆ రచయిత మీద కోపం, ఆ వెంటనే ఆ అమ్మాయి మీద. ఇన్ని రోజులు మమ్మల్ని ఆడించిందా? సార్‌తో అంత పొగడ్త రాయించిందా? అప్పుడే వచ్చిన గిరాకికి ఉప్పు బదులు శక్కరి బిల్లు కొట్టాను. "పుస్తకంల ఎవలో సస్తే దుకాణం ముంచుతవా?" అన్నాడు బాపు. రేపు స్టేషన్‌కు వస్తున్నానని ఆ అమ్మాయికి విడిగా రాసి, మర్నాడే మానుకోట పోతున్నానని బాపుకు చెప్పాను. ఆయన ఆపలేదు, ఆపితే ఆగననీ ఆయనకు తెలుసు.

రైలంతా కోపంతోనే ప్రయాణం చేశాను. అనాల్సిన మాటలన్నీ కూడబెట్టుకున్నాను. మానుకోటలో దిగితే బెంచీ మీద బక్కపలచని అమ్మాయి, పక్కన ఆమె తల్లి. తల్లి మోచేతుల దాకా గాజులు, ముఖమంతా నవ్వు. నన్ను చూడగానే లేచి, "నువ్వేనా కతల బిడ్డవు?" అని చేతులు పట్టుకుంది. ఆ తర్వాత అడిగిన మాట కూడా నాకు బాగా గుర్తుంది. "గా మేక ఇంటికి పోయినంక పాలిచ్చిందా? బండి ఎక్కితే మేకలు బెదిరి పాలియ్యవు బిడ్డా."

కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఇచ్చింది అవ్వా, అన్నాను. తల్లి నాకు అరటిపళ్లు తెస్తానని బయటికి పోయింది. ఆమె కనుమరుగయ్యేదాకా ఆగి, పుస్తకంల ఆమె సచ్చిపోయింది గదా అని అడిగాను. అమ్మాయి తల దించలేదు.

"యాడికి ఒక చెల్లె ఉండెనక్కా. ఇద్దరు కలిసి కోస్తకు కాలువ పనికి పోయిండ్రట. చెల్లెకు జరమొచ్చి ఆడనే సచ్చిపోయింది. ఆడనే బొంద పెట్టి యాడి ఒక్కతే వచ్చింది. రోజు నేను కత చెప్తుంటె, కతల ఆమె మేకలను ఎవలకు అప్పజెప్పి పోయిందని అడిగేది. పోయేటప్పుడు చెల్లె మేకను అమ్మి పోయిండ్రట. నేను దారం ఇప్పి ముందుగాల ఒక్కదాన్నే సదివిన. యాడి ఎదురుంగ కూసుని చెప్పుమంటున్నది. గా పేజీ సదువుదమంటె నోరు రాలేదు."

తల్లికి ఒక ముగింపు చెప్పి, మాకు ఇంకోటి రాయడం ఆమెకు చేతకాలేదు. తల్లికి చెప్పిందే మాకూ రాసింది. కట్ట మాత్రం దాచకుండా పంపింది. చదివాక మేం ఏమంటామో, వంతు పోతుందో ఉంటుందో ఆమెకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. స్టేషన్‌లో ఏడవడం నాకిష్టం లేదు, అందుకని రైలు టైము అడగడానికి లేచిపోయాను. యాడికి మాత్రం చెప్పకు అని వెనక నుంచి అంది. తల్లి తెచ్చిన అరటిపళ్లు తిని, మేక గురించి ఇంకా రెండు ప్రశ్నలకు జవాబిచ్చి, తిరుగు రైలెక్కాను.

గుంపులో ఉన్నదున్నట్టు నేనే చెప్పాలని ఆ అమ్మాయి అంది, చెప్పాను. తల్లి చెల్లెలి సంగతి మాత్రం రాయలేదు, అది చెప్పాల్సింది నేను కాదు. అన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. నేను ఒక్క మాట ముందు చెప్పినందుకే వంతు తీసేస్తిరి, ఈమె ముగింపే మార్చింది, రూలంటే రూలే కదా అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. రూలు పెట్టింది నేనే. దీపావళి దగ్గరికొచ్చింది. వంతు ఇప్పుడు పోతే, ఫోన్ లేని మనిషికి మళ్లీ ఎప్పుడు వస్తుంది? ఇటు కూర్చోలేను, అటు నిలబడలేను. సార్ ఒక్క ముక్కే రాశాడు. తాను పొగిడింది ఎవరినైనా, పొగిడిన దాంట్లో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోనన్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి బోడెక్కి చివరిసారిగా రాసింది. "సినిమాలల్ల మన మాటను ఎక్కిరిస్తే మీకు కోపమొస్తది గదన్నా. మన గురించి మనమే రాసుకోవాలె అని ధర్నాల మీరే అన్నరట. నాకు గిది గంతే. నా వంతు తీసేస్తే తీసేయుండ్రి. తీసేసే ముందు ఒక్క పుస్తకం చెప్పుండ్రి, చివరి పేజీ దాక మా తండ మనిషి బతికుండేది. గదే నేను అడిగే పుస్తకం."

మర్నాడు అన్న, అదెంత పని, నేను చూపిస్తా అని రాశాడు. ఇక మొదలైంది వెతుకులాట. అన్న డోర్నకల్ గ్రంథాలయంలో, సార్ యూనియన్ ఆఫీసు బీరువాలో, నేను హనుమకొండ పాత పుస్తకాల దుకాణాల్లో. ఎవరికి తండా కనబడిన పుస్తకం దొరికినా ముందుగా తిప్పేది చివరి పేజీలే. ముగింపు ముందే చూడొద్దని అన్న వంతు రద్దు చేసిన నేను, దుకాణం మెట్ల మీద నిలబడి పుస్తకాలన్నీ వెనక నుంచి చదివాను. ఒకదాంట్లో ఆమె బావిలో దూకింది. ఒకదాంట్లో ఊరొదిలి పోయింది, ఎటు పోయిందో రాయలేదు. ఇంకోదాంట్లో చివరి పేజీకి ఎంతో ముందే ఆమె సంగతి రచయిత మరిచిపోయాడు. లోకంలో అట్లాంటి పుస్తకమే లేదని నేననను. మా చేతికి అందినంతలో లేదు.

దీపావళి ముందు రోజు గుంపులో అన్న రాశాడు. "దొరకలేదు చెల్లె. ఓడిపోయిన. నీ వంతు నీ కాడనే ఉన్నది, ఎన్నడు చెప్తే గన్నడే." ఆయన జీవితంలో ఒక తగువు అట్లా ముగించడం అదే మొదలు. పండుగ దాటాక ఆమె అన్న హైదరాబాద్ బండెక్కాడు. ఆమె పేరు పక్కన పచ్చ చుక్క మళ్లీ వెలగలేదు. మేం ముగ్గురం ఆమె వంతును ముట్టుకోకుండా ఊరికే కూర్చున్నాం. ఏం చదవాలో తెలియని అన్ని రోజులు అంతకుముందు ఎప్పుడూ లేవు.

ఊరికే కూర్చోవడం నావల్ల కాదు. నాలుగు కట్టలూ తెప్పించాను. ఆమె బోడు మీద నుంచి ముక్కలు ముక్కలుగా పంపిన ముగింపునంతా తెలుగు అక్షరాల్లోకి మార్చి, బిల్లులు కొట్టే ప్రింటరు మీదే అచ్చు తీశాను. రెండు పక్కలా రంధ్రాలున్న ఆ కాగితాన్నే కోసి, నవలతో కలిపి కుట్టమని బైండరుకిచ్చాను. దీన్ని సూర్యుడి పేజీకి ముందు పెట్టాలా, వెనక పెట్టాలా అని ఆయన అడిగాడు. చాలాసేపు ఆలోచించి వెనక పెట్టమన్నాను. అచ్చయిన పేజీ చింపే హక్కు నాకు లేదు, దాని తర్వాత ఇంకో పేజీ పెట్టే హక్కు ఆ అమ్మాయికి ఉంది. పుస్తకం కుట్టించి, అట్ట లోపల దుకాణం ఫోన్ నంబరు రాసి, మానుకోట కాలేజీకి ఆమె పేరు మీద పంపాను.

కొన్నాళ్లకు దుకాణం ఫోన్‌కు తెలియని నంబరు నుంచి మిస్‌డ్ కాల్ వచ్చింది. మిర్చి ధర అడిగే రైతేమోనని తిరిగి చేశాను. తండాలో పక్కింటివాళ్ల ఫోన్ అది. మాట్లాడింది తల్లి.

"బిడ్డ పుస్తకమంత సదివింది. సూర్యుడొచ్చే కత సదివింది, మేక కత గూడ సదివింది. భయపడుకుంట సదివింది. నా చెల్లె ఇంటికి రాలేదు బిడ్డా, గది నాకెరుకే గద, నా చేతులతోనే మన్ను పోసిన. మొదట్ల బిడ్డ మేక అన్ననాడే నాకు తెలిసింది, గీ మాట పుస్తకంలది కాదని. తెలిసి గూడ మల్ల చెప్పుమన్న. మంచిగుండె."

అవతల మేకలు అరుస్తున్నాయి. ఆమే మళ్లీ అడిగింది.

"ఇగ తర్వాత ఏం సదువుతుండ్రు?"

వంతు మీ ఇంటిదే అవ్వా, మీరే చెప్పాలె అన్నాను.

"గట్లనా. అయితె ఆగు. మేకలను తోలొచ్చి చెప్త."

ఫోన్ పెట్టేసింది. నేను బిల్లును కిందికి దించి, గుంపును పైకి తెచ్చుకొని, వేళ్లు అక్షరాల మీద పెట్టుకొని కూర్చున్నాను.